మీ మొదటి ఓపెన్ సోర్స్ లైబ్రరీని విడుదల చేయడం ఎలా

ఒకే ఫంక్షన్‌ని ఒక ప్రాజెక్టులోంచి ఇంకో ప్రాజెక్టులోకి మూడోసారి కాపీ చేసుకుంటున్నారా? అయితే మీ దగ్గర లైబ్రరీ ఒకటి ఉన్నట్టే, పేరు పెట్టడమే తరువాయి. మొదటి లైబ్రరీ అలా పుడితేనే మంచిది. "ఓపెన్ సోర్స్‌లో ఏదైనా చేద్దాం, ఏం చేద్దాం" అంటూ మొదలుపెట్టినవి చాలావరకు రీడ్‌మీ (పరిచయ పత్రం) దగ్గరే ఆగిపోతాయి. మీకే పనికొచ్చేది అయితే ఎవరూ వాడకపోయినా నష్టం లేదు, మీరైనా వాడతారు.

నేను పైథాన్ వివరాలతో చెబుతాను, నేను విడుదల చేసింది అందులోనే కాబట్టి. జావాస్క్రిప్ట్‌లోనో రస్ట్‌లోనో రాసేవాళ్లకు కమాండ్లు మారతాయి, పని అదే. నాది తెలుగు మాటను అక్షరాలుగా విడగొట్టే చిన్న లైబ్రరీ. "కృష్ణ" పొడవెంత అని పైథాన్‌ని అడిగితే 5 అంటుంది. క, వట్రసుడి, ష, పొల్లు, ణ: కంప్యూటర్లు అన్ని లిపులకూ వాడే యూనికోడ్ లెక్కలో ఐదు కోడ్ పాయింట్లు, అంటే గుర్తుకొక నంబరు. చదివేవాళ్ల లెక్కలో రెండే అక్షరాలు. ఆ రెండు రాబట్టడానికి నలభై లైన్లు రాసుకున్నాను. ఇంత చిన్నదాంట్లో ఎవరో వచ్చి నాకు నేర్పేదేముంటుందిలే అన్న ధీమాతోనే విడుదల చేశాను. ఆ ధీమా ఎన్నాళ్లు నిలిచిందో కింద చెబుతాను.

ముందు ఇల్లు సర్దండి

ఉద్యోగం చేస్తూ రాసిన కోడ్ అయితే మొట్టమొదట మీ ఒప్పంద పత్రం తీసి చదవండి. పని వేళల్లో రాసినా, కంపెనీ ల్యాప్‌టాప్ మీద రాసినా అది కంపెనీదే అని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. కొన్నింటిలో మీరు సొంత సమయంలో రాసింది కూడా ఆ కిందికే వస్తుంది. మేనేజర్ నోటిమాటగా "పర్లేదు" అంటే సరిపోదు, ఈమెయిల్లో అడిగి జవాబు దాచుకోండి.

తర్వాత గిట్ చరిత్ర, అంటే కోడ్‌లో మీరు చేసిన ప్రతి మార్పునూ (కమిట్) గిట్ దాచిపెట్టే చిట్టా. ఏపీఐ కీ (వేరే సర్వీసు వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతం) ఒకటి ఎప్పుడో పాత కమిట్‌లో పడి ఉంటుంది, ఆ తర్వాతి కమిట్‌లో మీరు తీసేసి ఉంటారు. ఫైల్లో లేదు కదా అనుకోకండి, చరిత్రలో ఉంది. రిపో (గిట్‌లోని ప్రాజెక్టు మొత్తం) పబ్లిక్ చేసిన క్షణం నుంచి అది ఎవరైనా చూడగలిగేదే, ఇలాంటి కీల కోసమే రిపోలు జల్లెడ పట్టే ప్రోగ్రాములు తిరుగుతుంటాయి. కీ కనబడితే మొదట దాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోండి, చరిత్ర శుభ్రం చేయడం ఆ తర్వాత. మొదటి లైబ్రరీకి నేను చెప్పే సులువైన మార్గం ఇది: పాత చరిత్రను వదిలేసి, కావలసిన ఫైళ్లు మాత్రం కొత్త ఫోల్డర్‌లోకి తెచ్చుకుని, గిట్ ఇనిట్‌తో కొత్తగా మొదలుపెట్టండి. పోయేదల్లా మీ పాత కమిట్ సందేశాలే, వాటిలో సగం "ఇది పనిచేస్తుందేమో" అనే కదా ఉంటాయి.

పేరు కోసం మూడు రోజులు పోగొట్టుకోకండి. ఆ పని ఏమిటో చెప్పే పేరు చాలు, చమత్కారం అక్కర్లేదు. పైథాన్ ప్యాకేజీలు అందరూ దించుకునే పైపీఐ సైటులో పెద్దబడి చిన్నబడి అక్షరాల తేడా లేదు, హైఫన్, అండర్‌స్కోర్, చుక్క మూడూ ఒకటే, కాబట్టి వాటిని మార్చి "ఇది వేరే పేరు" అనుకోవడం కుదరదు. ఇన్‌స్టాల్ చేసే పేరు, ఇంపోర్ట్ చేసే పేరు ఒకటే ఉండేలా చూడండి. రెండూ వేరైతే వచ్చే మొదటి పది ప్రశ్నలు దాని గురించే.

లైసెన్స్

లైసెన్స్ ఫైలు లేని కోడ్ ఓపెన్ సోర్స్ కాదు. కంటికి కనిపిస్తున్నంత మాత్రాన వాడుకునే హక్కు వచ్చినట్టు కాదు, ఏమీ రాయకపోతే కాపీరైట్ మొత్తం మీదే ఉండిపోతుంది. జాగ్రత్తగల కంపెనీలు అలాంటి కోడ్‌ని ముట్టుకోవు.

ఏది పెట్టాలన్నదానికి తర్జనభర్జన అక్కర్లేదు. ఎవరైనా, అమ్ముకునే సాఫ్ట్‌వేర్‌లో కూడా, నా కాపీరైట్ నోటు ఉంచి వాడుకోవచ్చు అనుకుంటే ఎమ్ఐటీ. అదే ఉద్దేశంతో పాటు పేటెంట్ల సంగతి కూడా స్పష్టంగా రాసి ఉండాలంటే 2004లో వచ్చిన అపాచీ 2.0. నా కోడ్ మీద కట్టి పంచేవాళ్లు తమ కోడ్ కూడా అవే షరతులతో తెరిచి పంచాలి అనుకుంటే జీపీఎల్. చిన్న లైబ్రరీ పది మందికీ చేరాలంటే మొదటి రెండిట్లో ఒకటి పెట్టండి. సొంతంగా లైసెన్స్ మాత్రం రాయకండి. "మంచి పనులకే వాడాలి" లాంటి ఒక్క లైను చేర్చినా ఓపెన్ సోర్స్ నిర్వచనంలోంచి బయటికి వచ్చేసినట్టే. ఇంకోటి: వేరేచోట నుంచి తెచ్చిన ముక్క మీ కోడ్‌లో ఉంటే దాని లైసెన్స్ ఏమిటో చూడండి. జీపీఎల్ కోడ్ ముక్కను తెచ్చి ఎమ్ఐటీ కింద పెట్టే హక్కు మీకు లేదు.

తక్కువ తెరవండి

నేను మొదటి విడుదలలో పదకొండు ఫంక్షన్లు బయటపెట్టాను. అందులో అవసరమైనవి రెండు. మిగతా తొమ్మిదీ లోపలి పనిముట్లు, "ఎవరికైనా పనికొస్తాయేమో" అని వదిలేసినవి. పనికొచ్చాయి కూడా. అదే చిక్కు. ఎవరో ఒకరు వాడడం మొదలుపెట్టాక వాటిని మార్చలేను, తీసెయ్యలేను. మీరు బయటపెట్టిన ప్రతి పేరూ మీరిచ్చిన మాటే. లోపలివాటికి ముందు అండర్‌స్కోర్ పెట్టండి, ప్యాకేజీ మొదటి ఫైల్లో మీరు నిలబడగలిగిన రెండు మూడు పేర్లే ఇంపోర్ట్ చేయండి. కొత్తది చేర్చడం ఎప్పుడైనా సులువే.

డిపెండెన్సీల (మీ కోడ్ ఆధారపడే వేరే ప్యాకేజీల) విషయంలోనూ ఇదే పద్ధతి. ఒక చిన్న సాయం కోసం ఇంకో ప్యాకేజీని లాక్కొస్తే, దాని తలనొప్పులు మీ వాడుకరుల నెత్తిన పడతాయి. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని దాని కర్త జావాస్క్రిప్ట్ ప్యాకేజీల సైటు ఎన్‌పీఎమ్ నుంచి తీసేస్తే, దాని పేరు కూడా ఎరగని ప్రాజెక్టులు వేల సంఖ్యలో బిల్డ్ కాకుండా నిలిచిపోయాయి. పక్కన ఖాళీలు నింపడం తప్ప అది చేసే పనేమీ లేదు.

రీడ్‌మీ

చాలామంది చివర్లో హడావిడిగా రాసేది ఇదే. నన్నడిగితే కోడ్ కంటే ముందు రాయాలి. నా మొదటి రీడ్‌మీ ఇలా మొదలైంది: "ఇది తెలుగు పాఠ్యాన్ని సమర్థవంతంగా ప్రాసెస్ చేయడానికి రూపొందించిన తేలికైన, వేగవంతమైన, విస్తరించదగిన లైబ్రరీ." చదివినవాళ్లకు ఏం అర్థమవుతుంది? ఏమీ కాదు. వేగవంతం అన్నాను గానీ ఎప్పుడూ కొలవలేదు. ఇప్పుడు మొదటి లైన్ ఇది: "తెలుగు మాట ఇస్తే అక్షరాల జాబితా ఇస్తుంది. కృష్ణ అని ఇస్తే కృ, ష్ణ అని రెండు ముక్కలు వస్తాయి." దాని కిందే ఇన్‌స్టాల్ చేసే లైను, దాని కింద కాపీ చేసి అతికిస్తే నడిచే నాలుగు లైన్ల ఉదాహరణ, దాని ఫలితం. వచ్చినవాళ్లు ఉండాలో పోవాలో తేల్చుకునేది ఈ మొదటి తెరలోనే.

ఆ తర్వాత ఒక పేరా తప్పకుండా పెట్టండి: ఇది ఏం చేయదు. నాది తెలుగు తప్ప వేరే లిపి చూడదు, మాటలు విడదీయదు, సంధులు విప్పదు. ఇది రాసిన రోజు నుంచి "సంధి విడదీయడం పనిచేయట్లేదు" అన్న ఇష్యూలు (వాడేవాళ్లు గిట్‌హబ్‌లో పెట్టే ఫిర్యాదులు, ప్రశ్నలు) ఆగిపోయాయి.

ఇంకో పేరా: ఇప్పటికే ఉన్నవాటికీ దీనికీ తేడా ఏమిటి. దీని అవసరం నాకు నా మొట్టమొదటి ఇష్యూ నేర్పింది. అది బగ్ కాదు, మర్యాదగా అడిగిన ప్రశ్న: "2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు ఒత్తుల్ని హల్లుతో కలిపి ఒకే గుచ్ఛంగా లెక్కపెట్టే నియమం చేరింది కదా, మరి ఇది ఎందుకు?" నాకు ఆ సంగతే తెలియదు. ముందు మొహం ఎర్రబడింది, ఏదో సమర్థించుకుంటూ మూడు పేరాలు రాసి, పంపకుండా చెరిపేశాను. రెండు రోజులు కూర్చుని చదివాను. నాది అదనంగా చేసేది ఏమైనా ఉందా అంటే, ఉంది, కాస్తే. ఆ కాస్తా రీడ్‌మీలో ఎక్కించి, అడిగినవారికి ఆ లింకే జవాబుగా ఇచ్చాను. మీరు మాత్రం వెతకడం విడుదలకు ముందే చేయండి. అలాంటిదే ఇంకోటి కనబడితే మానెయ్యమని కాదు. దానికి ఒక చిన్న పుల్ రిక్వెస్ట్ (మీ మార్పును చేర్చుకోమన్న అభ్యర్థన) పంపితే మీ పని తీరిపోతుందేమో ఆలోచించమని.

కట్టి చూడండి, వేరే చోట విప్పి చూడండి

పైథాన్‌లో పైప్రాజెక్ట్ డాట్ టామ్ల్ అనే ఒక్క ఫైల్లో పేరు, వెర్షన్, లైసెన్స్, ఏ పైథాన్ వెర్షన్ నుంచి నడుస్తుంది అన్నవి రాస్తే చాలు. బిల్డ్ అనే పనిముట్టు ప్యాకేజీ కడుతుంది, ట్వైన్ దాన్ని పైకి ఎక్కిస్తుంది. ఇంతవరకూ ఏ గైడ్‌లోనైనా ఉంటుంది. దెబ్బ తగిలేది ఇంకోచోట.

నా టెస్టులన్నీ పాసయ్యాయి, ప్యాకేజీ ఎక్కించాను, గంటలో ఒకరు "ఇంపోర్ట్ చేస్తేనే ఎర్రర్" అన్నారు. అక్షరాల పట్టిక ఉన్న జేసన్ ఫైలు ప్యాకేజీలోకి చేరనే లేదు. నా మిషన్‌లో టెస్టులు నడిచింది ప్రాజెక్టు ఫోల్డర్‌లోంచి, అక్కడ ఆ ఫైలు ఉంది మరి. అంటే నేను పరీక్షించింది నా ఫోల్డర్‌ని, జనం దించుకునే ప్యాకేజీని కాదు. దీనికి విరుగుడు రెండు పనులు. కోడ్‌ని ఎస్ఆర్‌సీ అనే ఫోల్డర్ లోపల పెట్టండి, అప్పుడు ఇన్‌స్టాల్ చేస్తే తప్ప ఇంపోర్ట్ కాదు. కట్టిన వీల్ ఫైల్‌ని ఖాళీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (విడిగా ఉండే పైథాన్ ఏర్పాటు), వేరే ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేసి రీడ్‌మీలోని ఉదాహరణను అక్కడ అతికించి చూడండి. వీల్ అంటే జిప్ ఫైలే, విప్పి లోపల ఏముందో కంటితోనూ చూడొచ్చు.

అసలు పైపీఐకి ముందు టెస్ట్‌పైపీఐ అని సాధన కోసం వేరే సర్వర్ ఉంది, మొదటిసారి అక్కడ ఎక్కించండి. ఎందుకంటే అసలుదాంట్లో ఒకసారి ఎక్కించిన ఫైల్ పేరును, చెరిపేసినా సరే, మళ్లీ వాడనివ్వరు. 0.1.0 తప్పుగా పోయిందంటే 0.1.1 ఎక్కించడమే దారి. చెడ్డ వెర్షన్‌ని చెరిపేయడం కంటే "యాంక్" చేయడం మేలు. కొత్తవాళ్లకు అది దిగదు, సరిగ్గా ఆ వెర్షనే కావాలని రాసిపెట్టుకున్నవాళ్లకు మాత్రం ఇంకా దొరుకుతుంది, వాళ్ల బిల్డ్ విరగదు. రస్ట్ ప్యాకేజీల సైటు క్రేట్స్‌లోనూ ఇలాంటి పద్ధతే ఉంది. లెఫ్ట్‌ప్యాడ్ తర్వాత ఎన్‌పీఎమ్ కూడా తీసేయడం మీద ఆంక్షలు పెట్టింది, 72 గంటలు దాటాక షరతులు ఇంకా బిగుస్తాయి.

పైపీఐలో 2024 మొదలు ఖాతాదారులందరికీ రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి. ఆ రికవరీ కోడ్‌లు ఫోన్‌లోనే కాకుండా ఇంకెక్కడైనా దాచుకోండి. ఫోన్ పోతే లైబ్రరీ పోయినట్టే.

వెర్షన్ నంబరు 0.1.0తో మొదలుపెట్టండి. సెమాంటిక్ వెర్షనింగ్ పద్ధతిలో ముందు సున్నా ఉంటే "ఇందులో ఏదైనా ఎప్పుడైనా మారొచ్చు" అని అర్థం. మొదటి ఆరు నెలలు మీకు ఆ వెసులుబాటు చాలా అవసరం. 1.0 దాటాక మూడు అంకెలకూ లెక్క ఉంది: పాత కోడ్ విరిగే మార్పు వస్తే మొదటి అంకె, విరగకుండా కొత్తది చేరితే రెండోది, తప్పు దిద్దితే మూడోది. ప్రతి విడుదలకూ గిట్‌లో ట్యాగ్ పెట్టి, ఛేంజ్‌లాగ్ అనే మార్పుల చిట్టాలో మనుషులకు అర్థమయ్యే రెండు లైన్లు రాయండి. కమిట్ సందేశాలు తెచ్చి అతికిస్తే అది ఛేంజ్‌లాగ్ అవ్వదు.

విడుదలైంది. ఇప్పుడు ఏమవుతుంది?

చాలామటుకు ఏమీ అవదు. డౌన్‌లోడ్ల అంకె చూసి మురిసిపోకండి, మొదటి రోజుల్లో వచ్చేవాటిలో ఎక్కువ భాగం ప్యాకేజీలకు నకళ్లు ఉంచుకునే సర్వర్లు, స్కానర్లే. నిజంగా ఆ సమస్య ఉన్న నలుగురికి మీరే నేరుగా చెప్పండి. "ఎలా ఉంది" అని అడగకండి, "బాగుంది" అంటారు, అక్కడితో అయిపోతుంది. "మీ దగ్గరున్న ఫైలు ఒకటి దీనికి ఇచ్చి చూడండి, ఎక్కడ తేడా వస్తుందో పంపండి" అనండి.

నాకు అలా వచ్చిన మూడు ఇష్యూలను వరసగా చెబుతాను, ఎందుకంటే వీటి దగ్గరే నా ధీమా కరిగిపోయింది.

మొదటిది "సాఫ్ట్‌వేర్" అన్న మాట. నా లైబ్రరీ దాన్ని సా, ఫ్ట్వే, ర్ అని మూడు ముక్కలు చేసింది. రావలసింది సా, ఫ్ట్, వే, ర్. ట్ తర్వాత వ ఒత్తుగా మారకుండా ఆపడానికి అక్కడ జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని అక్షరం ఉంటుంది. నేను "చెత్త" అనుకుని కనిపించనివన్నీ ముందే తుడిచేస్తున్నాను. పెద్ద బగ్గే గానీ దిద్దడం సులువు, దిద్దేశాను.

రెండోది ఇంకా చిత్రం. ఒకరి ఫైల్లో "కై" అన్న అక్షరం రెండుగా చీలిపోతోంది. నా దగ్గర అదే మాట టైప్ చేస్తే బానే వస్తోంది. నాలుగు రోజులు "నాకు రావట్లేదు" అంటూ గడిపాను. చివరికి వారు మాట బదులు దాని కోడ్ పాయింట్లు అచ్చువేసి పంపారు: క, ఎత్వం, దాని కింద విడిగా ఇంకో గుర్తు. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒక్క గుర్తుగానూ రాయొచ్చు, విడగొట్టిన రూపంలో రెండు గుర్తులుగానూ రాయొచ్చు. పాత మ్యాక్‌లలో ఫైల్ పేర్లను విడగొట్టిన రూపంలో దాచేవారు, వారి డేటా ఫైల్ పేర్లే. నా పట్టికలో ఆ రెండో గుర్తు లేదు. అప్పటి నుంచి ఇష్యూ ఫారంలో ఒక ప్రశ్న పెట్టాను: "మాటను కాదు, కోడ్ పాయింట్లను అతికించండి." మీ లైబ్రరీకి కూడా ఇలాంటి ఒక ప్రశ్న ఉంటుంది, ఇది అడిగి ఉంటే నాలుగు రోజులు మిగిలేవి అనిపించేది. దొరకగానే ఫారంలోకి ఎక్కించండి.

దాన్ని దిద్దడానికి నేను చేసింది, వచ్చిన మాటనంతా ముందే ఒక్క గుర్తు రూపంలోకి మార్చేయడం. ఒక్క లైను. సంతోషంగా పెట్టాను. మరుసటి రోజు ఇంకొకరు ఒక వాక్యం రాశారు: "ముక్కల్ని మళ్లీ కలిపితే నేనిచ్చిన మాటే రావాలి కదా, ఇప్పుడు రావట్లేదు." ఆ వాక్యం చదివాక కాసేపు కీబోర్డ్ మీద చెయ్యి వెయ్యలేదు. మొదటి బగ్‌కీ దీనికీ మూలం ఒకటే: అడగకుండా వాళ్ల పాఠ్యాన్ని నేను మారుస్తున్నాను. మార్చే లైను తీసేసి, పట్టికలో గుర్తు చేర్చి, ఏ మాట ఇచ్చినా ముక్కలు కలిపితే అదే మాట రావాలన్న టెస్టు రాశాను. ఇప్పుడు ఆ లైబ్రరీలో అన్నిటికంటే ముఖ్యమైన టెస్టు అదే, నాకు తట్టింది కాదు.

మూడోది బగ్గే కాదు. "సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు నాలుగు కాదు, రెండు" అని ఒకరు. వారు ఛందస్సు మీద పనిచేస్తున్నారు, అక్కడ పొల్లు హల్లు ముందున్న అక్షరంలో కలిసిపోతుంది: సాఫ్ట్, వేర్. కర్సర్ కదలికల కోసం వాడుతున్న ఇంకొకరు వచ్చి నాలుగే ఉండాలన్నారు. ఇద్దరి మాటా నిజమే. "అక్షరం" అన్న మాటకు నా మనసులో ఒక్క అర్థమే ఉంది, అదీ ఎక్కడా రాయలేదు. పొల్లును కలపాలా వద్దా అన్న ఆప్షన్ చేర్చి, ఏమీ చెప్పకపోతే ఏది వస్తుందో రీడ్‌మీలో రాశాను. బగ్ అని వచ్చినదాంట్లో ఇలా నిర్వచనాల తేడా ఎంత ఉందో ముందు తేల్చుకోండి. కోడ్ దిద్దాలా, పత్రం దిద్దాలా అన్నది అక్కడే తెలుస్తుంది.

ఇష్యూ వచ్చినప్పుడు నేను పాటించే వరస చిన్నది. చూసినట్టు ఒక లైను, ఎప్పుడు కూర్చుంటానో ఒక లైను: "చూశాను, థాంక్స్. ఆదివారం కూర్చుంటాను." ఆ తర్వాత ఆ తప్పును పట్టుకుని ఫెయిలయ్యే టెస్టు రాస్తాను, దిద్దడం ఆ తర్వాతే. టెస్టు రాయలేకపోతున్నానంటే సమస్య నాకు ఇంకా అర్థం కాలేదని. ఎవరైనా దురుసుగా రాస్తే అందులో సాంకేతిక విషయం ఉన్నంతవరకే జవాబిస్తాను. అర్ధరాత్రి జవాబు రాయను.

వేరేవాళ్ల కోడ్ వచ్చినప్పుడు

మొదటి పుల్ రిక్వెస్ట్ వస్తే పండగలా ఉంటుంది, కళ్లు మూసుకుని మెర్జ్ చేయాలని, అంటే మీ కోడ్‌లో కలిపేయాలని అనిపిస్తుంది. చేయకండి. మెర్జ్ చేసిన మరుక్షణం నుంచి ఆ కోడ్‌ని మోసేది మీరే, పంపినవారు మళ్లీ రాకపోవచ్చు. నాకు వచ్చిన ఒకదాంట్లో అసలు మార్పు ఆరు లైన్లు, మిగతా వందల లైన్లు వారి ఎడిటర్ చేసిన ఖాళీల సర్దుబాటు. "ఆరు లైన్లు చాలా బావున్నాయి, వాటిని మాత్రం విడిగా పంపగలరా" అని అడిగాను, పంపారు. తప్పు నాదే కూడా, ఫార్మాటింగ్ నియమం ఎక్కడా రాయలేదు. కాంట్రిబ్యూటింగ్ ఫైల్లో మూడు విషయాలు చాలు: టెస్టులు ఎలా నడపాలి, ఫార్మాటర్ ఏది, పెద్ద మార్పు అయితే కోడ్ రాసే ముందు ఇష్యూలో అడగాలి. మూడోది అన్నిటికంటే అవసరం. వారాంతమంతా కూర్చుని రాసిన కోడ్‌ని కాదనడం ఇద్దరికీ కష్టమే.

కాదనాల్సి వస్తే నానబెట్టకండి. "ఆలోచిస్తాను" అని ఏడాది పాటు తెరిచి ఉంచడం కంటే "ఇది ఈ లైబ్రరీ పరిధిలోకి రాదు, కారణం ఇది, విడి ప్యాకేజీగా పెడితే రీడ్‌మీలో లింక్ ఇస్తాను" అని ఆ వారమే చెప్పడం మేలు. వారి ఆలోచన తీసుకుని మీరే తిరగరాస్తే కమిట్ చివర కో-ఆథర్డ్-బై లైనులో వారి పేరు పెట్టండి. గిట్‌హబ్ దాన్ని గుర్తించి ఇద్దరినీ కర్తలుగా చూపిస్తుంది. ఛేంజ్‌లాగ్‌లో బగ్ చెప్పినవాళ్ల పేరు కూడా, వాళ్లకు అభ్యంతరం లేకపోతే, రాయండి.

పాత ఫంక్షన్ తీసేయాలంటే ఒక విడుదల ముందే హెచ్చరిక పెట్టండి. ఒక చిక్కు ఉంది: పైథాన్‌లో డెప్రికేషన్ వార్నింగ్ సాధారణంగా తెరమీద కనిపించదు, నేరుగా నడిపే స్క్రిప్టులోంచి పిలిస్తేనో టెస్టులు నడిపితేనో కనిపిస్తుంది. కాబట్టి హెచ్చరిక పెట్టాను కదా అని ఊరుకోకుండా ఛేంజ్‌లాగ్‌లో పైనే రాయండి, పాత పేరు బదులు ఏది వాడాలో ఒక లైను ఉదాహరణతో.

తాళాలు

సెక్యూరిటీ లోపం కనబడినవాళ్లు దాన్ని అందరికీ కనిపించే ఇష్యూలో పెట్టకుండా మీకు విడిగా చెప్పే దారి ఒకటి ఉండాలి. గిట్‌హబ్‌లో ప్రైవేటుగా నివేదించే సదుపాయం ఉంది, సెట్టింగుల్లో ఆన్ చేసి సెక్యూరిటీ ఫైల్లో ఆ సంగతి రాస్తే చాలు.

కొన్నాళ్లకు ఎవరో బాగా సాయం చేస్తారు, మీకూ తీరిక తగ్గుతుంది, తాళాలు ఇచ్చేద్దాం అనిపిస్తుంది. ఇవ్వొచ్చు, కానీ మెల్లగా. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే పనిముట్టు) ఉదంతం అందరూ ఒకసారి చదవాలి. అలసిపోయిన మెయింటెయినర్ (దాన్ని చూసుకునే వ్యక్తి) పక్కన ఒకరు రెండేళ్లకు పైగా ఓపిగ్గా మంచి పనే చేసి, నమ్మకం సంపాదించి, మెయింటెయినర్ అయ్యి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి పెట్టారు. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటి అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడబట్టి దొరికింది. మొదట ఇష్యూలకు లేబుళ్లు పెట్టే హక్కు ఇవ్వండి, తర్వాత మెర్జ్ చేసే హక్కు. పైపీఐలోకి ఎక్కించే హక్కు అన్నిటికంటే చివర. విడుదలలు మీ ల్యాప్‌టాప్ నుంచి కాకుండా గిట్‌హబ్ యాక్షన్స్ (గిట్‌హబ్ తనంతట తానే పనులు నడిపే ఏర్పాటు) నుంచి, 2023లో వచ్చిన ట్రస్టెడ్ పబ్లిషింగ్ పద్ధతిలో వెళ్లేలా పెట్టుకుంటే పాస్‌వర్డో టోకెనో ఎవరికీ ఇచ్చే పనే ఉండదు. "తొందరగా ఇంకో మెయింటెయినర్‌ని పెట్టండి" అని ముక్కూమొహం తెలియనివాళ్లు ఒత్తిడి చేస్తే ఇంకాస్త నెమ్మదించండి. ఎక్స్‌జెడ్‌లోనూ అలాంటి ఒత్తిడి ఉత్తరాలు వచ్చాయి.

తీసుకునేవాళ్లు ఎవరూ లేక, మీకూ ఓపిక లేకపోతే, ప్యాకేజీ చెరిపేయకండి. రీడ్‌మీ మొదటి లైన్లో "దీన్ని ఇక నేను చూడటం లేదు, ఫలానాది వాడండి" అని రాసి, అదే లైను పైపీఐ పేజీలో కూడా కనిపించేలా చివరి వెర్షన్ ఒకటి ఎక్కించి, గిట్‌హబ్‌లో ఆర్కైవ్ నొక్కండి. కొత్త ఇష్యూలు రావు. చదువుకోవాలన్నా, ఫోర్క్ చేసుకోవాలన్నా కోడ్ అలాగే ఉంటుంది.